గుహ ముందు మిగిలిన ఒక జత

2024 నవంబరు 23, శనివారం. ఉదయం ఐదు గంటల నలభై నిమిషాలు. జనగామలో మా వరండా గోడకు తగిలించిన ఉష్ణమాపకం పదిహేడు డిగ్రీలు చూపుతోంది. గాలి లేదు. వీధిదీపాల చుట్టూ పలుచని మంచు. పైన మాత్రం ఆకాశం శుభ్రంగా ఉంది. గణాంక శాఖలో ముప్పై నాలుగేళ్లు పనిచేసి, అందులో చాలా కాలం రోజూ ఉదయం ఎనిమిదిన్నరకు వర్షమాపకం చూసి అంకె రాసినవాణ్ని కాబట్టి, ప్రయాణానికి ముందు ఈ వివరాలు తెలుసుకోకుండా గడప దాటడం నాకు అలవాటు లేదు. వాన వచ్చే సూచన లేదని నమ్మకం కుదిరాక అక్కను లేపడానికి లోపలికి వెళ్లాను.

ఆమె మంచం మీద కూర్చుని తల దువ్వుకుంటోంది.

"నన్ను నువ్వు లేపుతవారా? నాలుగింటికే లేచి తానం చేసిన. నీ గోడ మీది పుల్ల ఏమన్నది? సెటర్ ఏసుకోవాల్నా, వద్దా?"

"ఏసుకోవాలె. పదిహేడున్నది."

"పదిహేడో పద్దెనిమిదో నాకెందుకు? చలి పెడ్తదా, పెట్టదా, గది చెప్పు."

అక్క నాకంటే ఐదేళ్లు పెద్ద. అప్పటికి ఆమె వయసు డెబ్బై ఆరు. తొర్రూరులో కొడుకు దగ్గర ఉంటుంది; ఈ ప్రయాణం కోసమే ముందురోజు మా ఇంటికి వచ్చింది. మా బావ పోయి పందొమ్మిది నెలలు గడిచాయి. ఆ పందొమ్మిది నెలల్లో ఆమె వరంగల్‌లోని కంటి దవాఖానకు తప్ప మరెక్కడికీ కదలలేదు. కుడి కంటికి సెప్టెంబరులో శుక్లం తీశారు. ఎడమ కంటికి డిసెంబరులో తీయవలసి ఉంది. ఈలోగా ఆమెను ఎక్కడికైనా తీసుకువెళ్లాలని నాకు అనిపించింది. మేనల్లుడు ఫోనులో గట్టిగా అడ్డుచెప్పాడు.

"మామా, ఆమెకు ఒక్క కన్నే సక్కగ కనపడ్తది. గుట్టలు, గుహలు ఎందుకే? ఏదన్న గుడికి తీస్కపోరాదు?"

"తోవ చూపెట్టే మనిషి ఉంటరురా. ప్రతి జాగల లెక్క పెడ్తరు. మీ అమ్మను ఎట్ల తీస్కపోతనో గట్లనే తెచ్చి నీకు అప్పజెప్త."

ఆ మాట అన్నది నేనే. అనడానికి నాకు కారణం ఉంది. ఉద్యోగ విరమణ తరువాత నేను చూసిన కొండలు, జలపాతాలు అన్నీ మార్గదర్శకుల వెంట వెళ్లి చూసినవే. మహబూబాబాద్ జిల్లాలో అడవి నడుమ ఉన్న భీముని పాదం జలపాతాన్ని అలాగే చూశాను. కాశ్మీరులో ఒక మంచునది అంచు వరకూ అలాగే వెళ్లి వచ్చాను. అక్కడ మంచు మీద నడవడానికి మోకాళ్ల దాకా వచ్చే రబ్బరు బూట్లు అద్దెకు ఇచ్చారు. తిరిగి వచ్చాక బూట్ల జతలు లెక్కపెట్టి, మనుషులందరూ వచ్చారని తేల్చారు. ఆ పద్ధతి నాకు బాగా నచ్చింది. లెక్కపెట్టేటప్పుడు మనిషి నిలకడగా ఉండడు. ఒకసారి రెండు చోట్ల లెక్కకు వస్తాడు, మరొకసారి ఎక్కడా రాడు. బూటు పెట్టిన చోటనే ఉంటుంది.

ఈసారి ప్రయాణాన్ని ఏర్పాటు చేసింది మా ఊరి విశ్రాంత ఉద్యోగుల బృందం. ఏటా కార్తికంలో ఏదో ఒక మామిడితోటకు వెళ్లి వండుకుని తిని వస్తాం. ఆ ఏడు మాత్రం భూపాలపల్లి జిల్లాలోని పాండవుల గుట్టల కింద వంట, గుట్టపైన రంగు బొమ్మల గుహ చూడటం అని నిర్ణయించారు. బస్సులో డ్రైవరు, వంటవాళ్లు ఇద్దరు, మేము ఇరవై నలుగురం. మొత్తం ఇరవై ఏడుగురం. నేను ముందు నుంచి వెనక్కి ఒకసారి, వెనక నుంచి ముందుకు ఒకసారి లెక్కపెట్టాను. మా బృందంలో నోరు ఊరుకోని మనిషి ఒక పాత హెడ్మాస్టరు. ఆయన అక్క పక్క సీటులో కూర్చుని నన్ను చూపిస్తూ అన్నాడు:

"అక్కా, మీ తమ్ముడు మనుషులను లెక్కపెడ్తున్నడా, సీట్ల బోల్టులను లెక్కపెడ్తున్నడా?"

"చిన్నప్పుడు ఇంట్ల గారెలు గిట్లనే లెక్కపెడ్తుండె సారూ. తక్కువైతే నా దిక్కే చూస్తుండె."

"మరి తిన్నదెవరు?"

"నేనే."

బస్సంతా నవ్వింది. అక్క నవ్వు నేను చాలా నెలల తరువాత విన్నాను.

హనుమకొండ, పరకాల, రేగొండ దాటి తొమ్మిది గంటల ఇరవై నిమిషాలకు గుట్టల కిందికి చేరాం. దారికి రెండు వైపులా చేలల్లో ఆడవాళ్లు పత్తి ఏరుతున్నారు. వంటవాళ్లు ఒక చింతచెట్టు కింద పొయ్యిరాళ్లు పెట్టుకున్నారు. డ్రైవరు బస్సు నీడలో గోనెసంచి పరుచుకున్నాడు. మిగిలిన ఇరవై నలుగురం గుట్ట ఎక్కడానికి నిలబడ్డాం.

మాకు దారి చూపించేది గుట్ట కింది పల్లెకు చెందిన ఒక యువతి. మెడలో ఈల, నడుముకు టార్చి, భుజాన చుట్టిన తాడు, చేతిలో చెత్త కోసం ఒక ఖాళీ సంచి. ఎక్కడానికి ముందే నియమాలన్నీ చెప్పింది. గుట్ట మీద ఏ వస్తువూ వదిలిపెట్టరాదు. రంగు బొమ్మలను తాకరాదు. గుహ ఇరుకు కాబట్టి పన్నెండు మంది చొప్పున రెండు విడతలుగా లోపలికి వెళ్లాలి. లోపల బండ నున్నగా ఉంటుంది, చెప్పులతో జారుతుంది. అందరూ బయటే విడవాలి.

"బయట ఎన్ని జతలుంటే లోపల గంతమంది. జతలన్నీ పోయినయంటే గుహ ఖాళీ. గిదే నా లెక్క. ఎవ్వలన్న ఒకల చెప్పులు ఇంకొకలు ఏసుకపోతే మాత్రం నేను పరేషానయిత, చెప్తున్న."

నేను ఆమెను మనస్ఫూర్తిగా మెచ్చుకున్నాను. నిజానికి చెప్పులు విడవమని ఎవరికీ చెప్పవలసిన పని లేదు. పాండవుల పేరున్న గుట్ట అనగానే సగం మంది కిందనే విడవబోయారు. ముళ్లుంటాయని ఆమె వారించింది.

ఎక్కడానికి గంటకు కొంచెం తక్కువ పట్టింది. అక్క నా భుజం పట్టుకుని, ప్రతి మలుపులో ఆగి, ఆగినప్పుడల్లా ఏదో ఒకటి అడుగుతూ వచ్చింది. ఒకచోట బండలు నిలువుగా చీలి, వాటి నడుమ నుంచి తూర్పు దిక్కు కనిపించింది. దూరాన ఆకాశంలో తెల్లని పొగ నిలబడి ఉంది.

"గది ఏందిరా, మబ్బా?"

"కాదక్కా. చెల్పూరు కరెంటు ఫ్యాక్టరీ పొగగొట్టాలు."

"మా ఇంట్ల ఫ్యాను తిరుగుడు ఆన్నుంచేనా?" అని, శుక్లం తీసిన కన్నుకు చెయ్యి అడ్డం పెట్టుకుని చాలాసేపు చూసింది. "మీ బావ ఉంటే నమ్మకపోయేటోడు, నేను గింత పైకి ఎక్కిన్నంటే."

మొదటి విడతలో మేమిద్దరం లోపలికి వెళ్లాం. గుహలో చల్లగా ఉంది. పది అడుగులు వంగి నడిచాక కప్పు పైకి లేచింది. టార్చి వెలుగు పడగానే ఎర్రని బొమ్మలు బయటపడ్డాయి. జింక లాంటివి, మూపురం ఉన్నవి, ఒక అరచేతి ముద్ర. ఆ వెనక ఒక పసుపుపచ్చ తాడు కట్టి ఉంది. దాని అవతల నేల కిందికి వాలి చీకట్లోకి పోయింది. అటు ఎవరూ అడుగు వేయవద్దని ఆ అమ్మాయి రెండుసార్లు చెప్పింది.

అక్క ఒక కన్ను మూసి చూసింది. అది తెరిచి రెండోది మూసింది.

"ఈ కన్నుతోటి చూస్తే జింకలున్నయి. ఆ కన్నుతోటి చూస్తే వట్టి గోడే. సగమే దొరికింది తమ్మీ నాకు. మళ్లొకసారి చూడాలె."

నేను గోడ మీది బొమ్మలు ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టే పనిలో పడ్డాను. పదిహేడు స్పష్టంగా ఉన్నాయి; మరో నాలుగు సందేహం. అక్క మిగిలిన వారితో ముందుగా బయటికి వెళ్లింది. నేను చివరివాణ్నిగా వచ్చేసరికి రెండో విడత వాళ్లు చెప్పులు విడిచి లోపలికి దూరుతున్నారు. అక్క కనిపించలేదు.

మార్గదర్శకురాలు గుహ ముందు జతలు లెక్కపెట్టి నొసలు ముడిచింది.

"పన్నెండు మంది కదా పోయిండ్రు. పదమూడు జతలున్నయేంది?"

"మా అక్క మళ్లీ లోపలికి పోయి ఉంటది" అన్నాను నేను. "సగమే కనపడ్డదట. మళ్లొకసారి చూడాలె అన్నది."

నా మాట నాకు ఎంత సమంజసంగా తోచిందంటే, వెనక్కి వెళ్లి చూడాలని కూడా అనిపించలేదు. ఆ అమ్మాయి తల ఊపి లోపలికి వెళ్లింది. పదకొండున్నర దాటాక రెండో విడత బయటికి వచ్చింది. ఒక్కొక్కరే చెప్పులు తొడుక్కున్నారు. అందరూ తొడుక్కున్నాక బండ మీద ఒక జత మిగిలింది. నల్లపట్టీల రబ్బరు చెప్పులు. ఎడమది మడమ దగ్గర బాగా అరిగి ఉంది.

"తాతా, గీ చెప్పులు అవ్వయేనా?"

"అవి మా అక్కయే."

"మరి అవ్వ లోపల లేదు గదా. మా ఎంట రాలే."

ఆమె వెంటనే గుహలోకి వంగింది. ఈల మూడుసార్లు ఊదింది. గుహ ఆ శబ్దాన్ని తిరిగి ఇచ్చింది గానీ మనిషి గొంతు రాలేదు. నేను వంగి లోపలికి వెళ్లి "అక్కా" అని పిలిచాను. నా వెనక హెడ్మాస్టరు కూడా పిలిచాడు. పసుపుపచ్చ తాడు కట్టినట్టే ఉంది. దాని కింది నుంచి మనిషి దూరడానికి చోటు ఉంది. ఒక కన్నుతో చూసే మనిషికి ఆ చీకట్లో తాడు కనిపించి ఉంటుందని చెప్పలేం.

"ఆ కింద ఎంత లోతుంటది?" అని అడిగాను.

"ఎవ్వలు కొలవలే తాతా."

నా ఉద్యోగ జీవితంలో తెలియని అంకెలు ఎన్నో ఎదురయ్యాయి. అంకె లేదని విని భయపడటం అదే మొదటిసారి.

ఆ అమ్మాయి భుజాన ఉన్న తాడు తీసి నడుముకు కట్టుకుంది. రెండో కొస నేను, హెడ్మాస్టరు పట్టుకున్నాం. టార్చి పళ్లతో కరిచి పట్టుకుని ఆమె వెనకకు తిరిగి, పాదాలు ఆన్చుకుంటూ దిగింది. తాడు మా చేతుల్లోంచి కొంచెం కొంచెంగా జారుతోంది. అది ఎంత జారిందో నేను లెక్కపెట్టలేదు. ఎట్లా తీసుకుపోయానో అట్లానే తెచ్చి అప్పజెపుతానన్న మాటే చెవుల్లో ఉంది. తొర్రూరుకు ఫోను చేయవలసి వస్తే మొదటి మాట ఏం చెప్పాలో వెతుక్కుంటున్నాను. ఆ గుట్ట మీద ఫోనుకు సిగ్నలు లేదు. అక్క ఫోను కూడా నా సంచిలోనే ఉంది.

కింది నుంచి గొంతు వచ్చింది.

"ఈడ ఎవ్వలు లేరు. గబ్బిలాలే. ఇంకో మూల తిరిగి ఉన్నది, అటు నాకు కనపడ్తలేదు. గుంజుండ్రి!"

పైకి లాగాం. ఆమె మోచేతులు గీరుకుపోయాయి. కిందికి పోయి అటవీ కార్యాలయానికి ఫోను చేయాలని, మనుషులు, పెద్ద లైట్లు కావాలని అంది. అప్పుడు హెడ్మాస్టరు, తాడు ఇంకా చేతిలో పట్టుకునే, నెమ్మదిగా అన్నాడు:

"మేం బయట నీడకు నిలబడ్డప్పుడు ఒకామె కిందికి పోతుంటే చూసిన. నెత్తి మీద కొంగు, కాళ్లకు చెప్పులు లేవు. ఆ పల్లె ఆమె అనుకున్న. ముండ్లున్నయమ్మా అని రెండుసార్లు పిలిచిన కూడ. వెనుకకు మర్లలే."

"అక్కను గుర్తు పట్టలేవా నువ్వు? పొద్దుగాల నుంచి పక్కనే కూసున్నవు."

"వీపు చూసిన సారూ, ముఖం చూస్తినా? అక్కయితే పిలిస్తే మర్లదా? అక్క కట్టుకున్న చీరె ఏ రంగు, చెప్పు."

నాకు తెలియదు. ఆ ఉదయం ఉష్ణోగ్రత తెలుసు, బొమ్మలు ఎన్నో తెలుసు. నా వెంట అయిదున్నర గంటలు ఉన్న మా అక్క చీర రంగు చెప్పలేకపోయాను.

"ఆకుపచ్చది" అంది ఆ అమ్మాయి. "ఎర్ర అంచు."

"గదే!" అని హెడ్మాస్టరు తాడు వదిలేశాడు.

ఎక్కడానికి పట్టిన సమయంలో సగానికే దిగి ఉంటాం. ఆ అమ్మాయి ముందు పరుగెత్తింది. చింతచెట్టు దగ్గరి నుంచి ఆమె ఈల వినిపించింది, ఒక్కసారే, పొడుగ్గా. నేను మిగిలిన దారి ఎట్లా దిగానో నాకు జ్ఞాపకం లేదు.

అక్క పొయ్యి పక్కన ఒక రాయి మీద కూర్చుని, పళ్లెం ఒళ్లో పెట్టుకుని వంకాయలు తరుగుతోంది. వంటామె నన్ను చూసి ఫిర్యాదు మొదలుపెట్టింది.

"సారూ, మీ అక్క వచ్చినకాన్నుంచి నన్ను సతాయిస్తున్నది. పప్పుల ఉప్పు లేదట. వంకాయ గిట్ల కోస్తరా అట. నలబై ఏండ్లసంది వండుతున్న, ఎవ్వరు అనలే."

"మొఖమాటానికి అనలేరు" అంది అక్క. తరువాత తల ఎత్తి నన్ను చూసింది. "ఏందిరా గట్ల చెమటలు పట్టినయి? పదిహేడే ఉన్నదంటివి?"

నేను నేల మీదే కూర్చున్నాను. వంటామె చెంబుతో నీళ్లిచ్చింది. తాగి, మళ్లీ అడిగి తాగాను.  మొదటి మాట కోపంగానే వచ్చింది.

"చెప్పులు ఆడ పెట్టి నువ్వు ఈడికెందుకు వచ్చినవు? గుహల పడ్డవని పోరి తాడు కట్టుకొని దిగింది. ఆమె చేతులు చూడు!"

అక్క ఆ అమ్మాయి మోచేతులు చూసింది. చేతిలోని వంకాయ పళ్లెంలో జారవిడిచింది.

"అయ్యో బిడ్డా. నా కోసమా?" అని, కొంగు తడిపి ఆ అమ్మాయిని దగ్గరికి లాగి గీతలు తుడుస్తూ, నా వైపు చూడకుండా చెప్పింది. "ఇయ్యాల శనివారం. పాండవులు తిరిగిన జాగ అన్నరు. మీ బావ పోయినకాన్నుంచి ఒకటి మీద ఒకటి, నా ఒంట్లె ఏదో ఒక దోషమే. పండుగకు కాలు బెణికె, వానకాలం జరమొచ్చె, కన్ను పాయె. రెండో కన్ను కోసేముందు ఈ శనిని ఈడనే ఇడ్సిపెట్టిపోదామని చెప్పులు ఇడ్సిన."

"నాకు చెప్తే ఏమాయె?"

"చెప్పి ఇడ్సిపెడ్తే పోతదారా? చెప్పొద్దు. మర్ల చూడొద్దు. సారు పిలిచిండు, ఇన్న. మర్లితే ఎంటనే వస్తదని మర్లలే."

హెడ్మాస్టరు నెత్తికి చెయ్యి కొట్టుకున్నాడు.

"అక్కా, శని నిన్ను ఇడిసిపెట్టి మమ్మల్ని పట్టుకున్నదే!"

మొదట నవ్వింది ఆ అమ్మాయే. తరువాత వంటామె. నేను నవ్వలేదనుకుంటాను, కానీ కళ్లజోడు తీసి తుడుచుకోవలసి వచ్చింది. గుడి ముందు చెప్పులు పోతే శని పోయిందని సంతోషించే ఇళ్లలోనే నేనూ పుట్టి పెరిగాను. గుహ ముందు మిగిలిన జతను చూసినప్పుడు ఆ ఆలోచన నాకు ఒక్క క్షణం కూడా రాలేదు. జతలు లెక్కించడంలో పొరపాటు లేదు. పదమూడు అంటే పదమూడే. పదమూడో జతకు నేను చెప్పిన అర్థమే తప్పు.

"ఒక్క కన్నుతోటి అంత దూరం ఒక్కదానివే ఎట్ల దిగినవు?" అన్నాను.

"వట్టి కాళ్లకే రాయి మంచిగ తెలుస్తది. ఎక్కేటప్పుడు నీ భుజం పట్టుకునుడే కష్టమైంది. నువ్వు ఊగుతున్నవు."

ఆమె అరికాలులో ఒక ముల్లు ఉంది. వంటామె దగ్గర పిన్నీసు తీసుకుని, అక్క పాదం ఒళ్లో పెట్టుకుని తీశాను. పాదం వెచ్చగా ఉంది. దాన్ని కొంచెం ఎక్కువసేపే పట్టుకున్నాను.

అప్పుడు మరో చిక్కు వచ్చింది. ఆ అమ్మాయి తన సంచిలోంచి నల్లపట్టీల చెప్పులు తీసి అక్క ముందు పెట్టబోయింది. అక్క పామును చూసినట్టు కాళ్లు వెనక్కి లాక్కుంది.

"మళ్ల తెచ్చినవా? ఎందుకు తెచ్చినవే తల్లీ!"

"గుట్ట మీద ఏ వస్తువు ఇడ్సిపెట్టొద్దని చెప్పిన కదవ్వా. రబ్బరు. నా కొలువు పోతది."

"నేనైతే కాలు పెట్ట."

"నేను మా ఇంటికి తీస్కపోను. మా శని మాకు చాలు."

ఇద్దరూ నా వైపు చూశారు. ఇటువంటి విషయంలో తీర్పు చెప్పడానికి నా దగ్గర ఏ ఆధారమూ లేదు. చివరికి ఆ అమ్మాయే దారి కనిపెట్టింది. గుట్ట మీద ఏరిన కవర్లు, సీసాలు ఉన్న తన చెత్త సంచిలో చెప్పులను తిరిగి వేసి, మూతి బిగించి ముడి వేసింది.

"సోమవారం పంచాయతీ ట్రాక్టరొస్తది. నీ శని ట్రాక్టరెక్కి పోతది. సరేనా అవ్వా?"

"ఎటు దిక్కు పోతది?"

"రేగొండ దిక్కు."

"తొర్రూరు దిక్కు పోదు కదా?"

"పోదు."

"అయితే సరే" అని అక్క ఆమెను పక్కన కూర్చోబెట్టుకుని, తన చేతి వంకాయ కూర ముందుగా ఆమెకే వడ్డించింది. కూరలో ఉప్పు సరిపోయింది. వంటామె కూడా ఆ మాట ఒప్పుకుంది, కొంచెం ఆలస్యంగా.

మూడు గంటలకు బయలుదేరాం. పరకాలలో టీ కోసం బస్సు ఆగితే, ఎదురుగా చెప్పుల దుకాణం కనిపించింది. దిగుదాం, కొత్తవి కొందాం అన్నాను. అక్క నన్ను అజ్ఞానిని చూసినట్టు చూసింది.

"శనివారం చెప్పులు కొంటరారా? ఇడ్సిపెట్టిందంతా మళ్ల పైసలిచ్చి తెచ్చుకునుడా?"

అంతలో మేనల్లుడి ఫోను వచ్చింది. నేను మాట్లాడటానికి నోరు తెరిచేలోగా అక్క నా చేతిలోంచి తీసుకుంది. అతని గొంతు పక్కనున్న నాకు కూడా వినిపిస్తోంది.

"అమ్మా, మంచిగున్నవా? కండ్లు మండుతలేవు కదా?"

"మంచిగున్న బిడ్డా. జింకలను చూసిన. వంకాయ కూర వండిన. చెప్పులే పోయినయి."

"పోతే పోనియ్యే. శని పోయిందనుకో."

అక్క ఫోను నాకు తిరిగి ఇచ్చి, కిటికీకి తల ఆనించి కళ్లు మూసుకుంది. పరకాల నుంచి హనుమకొండ దాకా ఆమె నిద్రపోయింది. నేను నిద్రపోలేదు. పక్కనే కూర్చుని, ఆకుపచ్చ చీర ఎర్ర అంచును చూస్తూ వచ్చాను. ఏ అంకె గురించీ ఆలోచించలేదు. ఊపిరి సాఫీగా ఆడుతోంది. ఆమెది, నాది కూడా.

సాయంత్రం ఆరు గంటల యాభై నిమిషాలకు బస్సు జనగామలో ఆగింది. నేను ముందుగా దిగి, మెట్టు పక్కన నిలబడి, దిగిన ప్రతి ఒక్కరి ముఖమూ చూశాను. ఆ తరువాతనే పాదాలు చూశాను. మనుషులు ఇరవై ఏడుగురు. చెప్పుల జతలు ఇరవై ఆరు.